లోపలికి రావడం ముందు నేర్చుకోండి

హైదరాబాద్,
ఆషాఢంలో ఒక ఆదివారం

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతుంటే నాకు సగమే అర్థమైంది. ఆ సగం ఇది: ఒక్కరే నడిపే చిన్న ఆప్టిమిస్ట్ పడవ వదిలేసి, ఇద్దరు నడిపే 420 అనే తెరచాప పడవ ఎక్కారు. చుక్కాని చిన్నీది, మాస్ట్ (తెరచాప కొయ్య) పైనుంచి వేలాడే ట్రాపీజ్ తీగ బుజ్జిది. శనివారం రేసులో గాలి నిమిషానికోసారి మారేసరికి పడవ కంటే ముందు మీ మధ్య గొడవ లేచింది. "వీడు బయటికి వెళ్లలేదు తాతయ్యా" అని ఒకరు, "అక్క చెప్పలేదు" అని ఇంకొకరు. ఇది ఫోన్‌లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ తీగ సంగతి. మీ పడవ వెడల్పు 1.63 మీటర్లు. బుజ్జి అంచు మీద కూర్చుంటే వాడి బరువు పడవ నడుమ నుంచి మీటరు దూరం కూడా పోదు. అదే ఒంటికి కట్టుకున్న హార్నెస్ పట్టీల కొక్కెం తీగకు తగిలించి, పాదాలు అంచున ఆనించి, నీళ్ల మీద వెల్లకిలా సాగితే ఆ బరువే ఇంచుమించు రెట్టింపు దూరం వెళ్తుంది. పార్కులో సీసా బల్ల మీద చివరికంటా జరిగి కూర్చోవడం లాంటిదే. గాలి తెరచాపను ఒక పక్కకు వంచుతుంటే, మనం రెండో పక్కన లాగి పడవను చదునుగా ఉంచుతాం. బాగా ఒరిగిన పడవ సరిగ్గా నడవదు. చుక్కాని బరువెక్కుతుంది, దాన్ని బలంగా లాగిపట్టిన కొద్దీ అదే బ్రేకు అవుతుంది.

1938లో ఇంగ్లండ్‌లో పీటర్ స్కాట్, జాన్ వింటర్ అనే ఇద్దరు ఈ తీగతోనే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్ అనే పడవ పందెం గెలిచారు. గెలిచాక ఆ రకం పడవల్లో ట్రాపీజ్‌నే నిషేధించారు! పక్కవాడి తెలివి మనల్ని ఓడించినప్పుడు రూలు పుస్తకం గుర్తుకు రావడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. మన దగ్గర 1982 ఆసియా క్రీడల్లో ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియా బొంబాయి సముద్రంలో ఫైర్‌బాల్ మీద బంగారు పతకం కొట్టారు. అదీ ట్రాపీజ్ పడవే. నేను తీగకు వేలాడింది కూడా ఒక పాత ఫైర్‌బాల్ మీదే.

నేనేం చేశానో చెబుతాను, నవ్వుకోండి.

1991, జులై. బుద్ధ విగ్రహం అప్పటికి హుస్సేన్‌సాగర్ అడుగునే ఉంది. ముందటేడు తీసుకెళ్తుండగా మునిగిపోయింది, మళ్లీ పైకి తెచ్చి నిలబెట్టింది 1992లో. మేం రెండో స్థానంలో ఉన్నాం. పడమటి గాలి జోరుగా ఉంది. టాంక్‌బండ్ మీద జనం చూస్తున్నారు. నాకు అదే పెద్ద విషయం. కొక్కెం తగిలే రింగును బాగా కిందికి దించుకుని, కాళ్లు బిగదీసి, నీటికి జానెడు ఎత్తున సాగిపోయాను. ముందు నీళ్ల మీద ఒక మెరుపు మచ్చ కనిపించింది. అంటే అక్కడ గాలి లేదని. చూశాను కూడా. మోకాళ్లు వంచితే షోకు చెడుతుందని ఊరుకున్నాను. పడవ ఆ మచ్చలోకి వెళ్లీ వెళ్లగానే తెరచాపలో పస పోయింది. ఇంకేముంది, ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచినట్టు నన్ను వీపు దాకా ముంచింది. పడవ నా మీదికే ఒరిగింది. చుక్కాని పట్టిన మా సీనియర్ "లోపలికి రారా!" అని అరుస్తూనే ఉన్నాడు. తడిసిన బరువుతో, అంత కిందున్న రింగుతో, ఎలా వస్తాను? మేం లేచేలోగా మూడు పడవలు దాటిపోయాయి. ఆ నీళ్ల రుచి మాత్రం ఇంకా నాలుక మీదే ఉంది.

బయటికి వెళ్లడం రెండు రోజుల్లో వస్తుంది బుజ్జీ. నీ పని అసలు లోపలికి రావడంలో ఉంది. గాలి మారుతూ ఉన్న రోజు రింగు రెండు మూడు అంగుళాలు పైకి పెట్టుకో. కొంచెం పట్టు తగ్గుతుంది, నిజమే. కానీ మోకాళ్లు వంచితే చాలు, తుంటి పడవలోకి వచ్చేస్తుంది. గాలి తగ్గబోతుంటే ముందు వంచాల్సింది మోకాళ్లే. ఇంకా తగ్గితే తీగకున్న పిడి పట్టుకుని లోపలికి జారు. ముందుకాలు చాపి, వెనకకాలు కాస్త వంచి నిలబడు. లేకపోతే పడవ అలలో ముక్కు గుద్దినప్పుడు నువ్వు మాస్ట్ చుట్టూ గిరగిరా తిరుగుతావు. మలుపు తిప్పేముందు కొక్కెం విప్పావో లేదో చేత్తో తడిమి చూసుకో. విప్పకుండా రెండో పక్కకు వెళ్లబోయినవాళ్లను చాలామందినే చూశాను.

గాలి మారడం కంటికి కనిపిస్తుంది. నీరు నల్లబడి సన్నటి ముడతలు పరుగెత్తుకొస్తుంటే జోరు గాలి, అద్దంలా మెరిస్తే గాలి లేనిచోటు. ఇప్పుడు ఖైరతాబాద్ వైపు అన్నీ మేడలే, పడమటి గాలి వాటి సందుల్లోంచి చీలికలు చీలికలుగా వస్తుంది. దాన్ని చూసి చెప్పాల్సింది తీగ మీదున్నవాడే, ఎందుకంటే చిన్నీ కళ్లు జిబ్‌కు, అంటే ముందున్న చిన్న తెరచాపకు, గాలి తీరు చూడ్డానికి కట్టిన ఊలు దారాల మీద ఉంటాయి. "గాలి... మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టు. ఒకటి అనగానే నువ్వు సాగు, అక్క మెయిన్ (పెద్ద తెరచాప) తాడు జానెడు వదులుతుంది. ఎనిమిది నాట్ల (గాలి వేగం కొలత) గాలి పన్నెండైందంటే, తోపు ఒకటిన్నర రెట్లు కాదు, రెండు రెట్లు దాటిపోతుంది. గాలి ఎంత పెరిగిందో దాని వర్గం చొప్పున తోపు పెరుగుతుంది మరి. అందుకే ఒక క్షణం ఆలస్యమైనా పడవ ఒరుగుతుంది. శనివారం మీకు జరిగింది ఇదేనని నా అనుమానం.

గాలి పడిపోయినప్పుడు ఇద్దరూ ముందుకు జరగండి, పడవను గాలి వెళ్లే పక్కకు కొంచెం ఒరగనివ్వండి. బరువుకు తెరచాపలు వాటంతటవే ఆకారంలోకి జారతాయి. దభీమని కదలొద్దు. జోరు ఎక్కువైతే కింద అంచు తాడు లాగి మెయిన్‌ను పలకలా చేయండి, పడవ కింద నీళ్లలోకి దిగే అడుగు పలకను కాస్త పైకి లాగండి.

చిన్నీ, ఇది నీకు. గాలి దిక్కు మారిందో లేదో తెలియాలంటే ఒడ్డున ఏదైనా గుర్తు పెట్టుకో, ఓ మేడ మీది నీళ్ల ట్యాంకయినా సరే. ఎదురుగాలికి వెళ్తున్నావు, గాలి కుడిపక్క నుంచి తగులుతోంది. దారాలు సరిగ్గా ఉంచడానికి పడవ ముక్కు ఆ ట్యాంకు వదిలి ఎడమకు జారిపోతుంటే గాలి నీ ముందుకు మళ్లినట్టు. ఐదు లెక్కపెట్టు. ఇంకా అలాగే ఉంటే మలుపు తిప్పు. రెండో పక్కన అదే గాలి నిన్ను రేసులో చుట్టి రావాల్సిన గుర్తుబంతి వైపు ఎత్తి తీసుకెళ్తుంది. మనవాళ్లు గాలివాటం మనిషి అని తిడతారు కానీ, నీళ్ల మీద ఆ తిట్టుకు తగ్గట్టే ఉండాలి.

స్టార్ట్ గురించి ఈసారికి వద్దు. ఐదు నిమిషాల జెండా దగ్గర మొదలుపెడితే ఇంకో నాలుగు పేజీలవుతుంది.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఆరింటికి సంజీవయ్య పార్కు గేటు దగ్గర ఉంటాను. పడవ వద్దు, ఊరికే ఒడ్డున కూర్చుని నల్లమచ్చలు లెక్కపెడదాం. బుజ్జీ, నీ హార్నెస్ తీసుకురా. ఫొటోలో చూశాను, భుజాల దగ్గర వదులుగా ఉంది.

మీ తాతయ్య