అద్దె తక్కువైతే ఇల్లు చవకైనట్టేనా? బీరంగూడ, అమీన్‌పూర్ వైపు ఇల్లు వెతికేవాళ్ల అపోహలు

హైదరాబాద్‌లో మియాపూర్, చందానగర్ అద్దెలు మోయలేక నగరం అంచున ఉన్న బీరంగూడ, అమీన్‌పూర్, కిష్టారెడ్డిపేట వైపు వచ్చేవాళ్లు ఇల్లు చూడగానే అడిగే మొదటి మాట "అద్దె ఎంత?". రెండో మాట "ఇంకో వెయ్యి తగ్గించరా?". ఆ వెయ్యి కోసం అరగంట బేరమాడతారు. నెలనెలా రెండు మూడు వేలు పట్టుకుపోయే సంగతులు ఒక్కటీ అడక్కుండా అడ్వాన్స్ చేతిలో పెట్టేస్తారు. మార్చి దాటేసరికి మళ్లీ టూలెట్ బోర్డుల వెంట తిరుగుడు మొదలు.

అపోహ: అద్దె తక్కువుంటే ఇల్లు చవక

జనం జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఇదే. అద్దె అనేది ఓనర్‌కు ఇచ్చే డబ్బు మాత్రమే. నీళ్లు, కరెంటు, రాకపోకలు కలిపితేనే ఆ ఇల్లు మీకు ఎంతకు పడుతోందో తెలుస్తుంది.

ముందు నీళ్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమని లెక్క. నలుగురున్న ఇంటికి రోజుకు 540, నెలకు 16,000 లీటర్ల పైమాట. బోరు ఎండితే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడుకు పైనే. జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) ట్యాంకర్ దొరికితే 500 రూపాయల లెక్కన 1,600తో పోతుంది. ఎండాకాలంలో అది బుక్ చేసినా ఒక్కోసారి రోజుల తరబడి రాదు. ప్రైవేటు ట్యాంకర్‌వాడు ఆ వారం ఏం చెబితే అదే ధర. కాబట్టి "నీళ్లకు ఇబ్బంది లేదండీ" అన్న ఓనర్ మాట దగ్గర ఆగొద్దు. అపార్ట్‌మెంట్ అయితే ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ లెక్క చూపించమనండి. ట్యాంకర్లకు ఎంత పెట్టారో అందులో ఉంటుంది. లెక్క చూపించకపోతే వాచ్‌మన్‌ను అడగండి, ఆయన దాచడు. "మెయింటెనెన్స్ 1,500" అన్నప్పుడు ట్యాంకర్ ఖర్చు అందులోనే ఉందా, ఎండాకాలంలో విడిగా పంచుతారా అన్నది తప్పక తేల్చుకోవాలి. మంజీర కనెక్షన్ (మంజీర నది నీళ్ల కుళాయి) ఉందంటే నీళ్లు రోజూ వదులుతారా, రోజు విడిచి రోజా, సంప్ ఎన్ని వేల లీటర్లది అని కూడా అడగండి. ఇల్లు చూడ్డానికి సాయంత్రం కాకుండా ఉదయం ఏడింటికి వెళ్లి వంటింటి కుళాయి, బాత్‌రూమ్ కుళాయి ఒకేసారి తిప్పండి. కుళాయిల చుట్టూ, బకెట్ అడుగున తెల్లగా గార కట్టి ఉంటే ఉప్పునీళ్ల బోరు. గీజర్ కాయిల్, వాషింగ్ మెషీన్ దానికి ఎక్కువ కాలం ఆగవు. తాగే నీళ్ల క్యాన్ల ఖర్చు ఎలాగూ ఉంటుంది.

తర్వాత కరెంటు. ఇండిపెండెంట్ ఇళ్లలో పోర్షన్ తీసుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. రెండు పోర్షన్లకు ఒకటే మీటర్ ఉంటుంది, లోపల సబ్‌మీటర్ బిగిస్తారు. "మీరు వాడినంతే కట్టండి" అంటే న్యాయంగానే వినిపిస్తుంది. కానీ మన బిల్లు శ్లాబుల మీద నడుస్తుంది, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. 2022లో ఖరారైన టారిఫ్ ప్రకారం వాడకం 100 దాటి 200 లోపుంటే మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు 3.40 రూపాయలు, ఆపైన 4.80. మొత్తం 200 దాటిందా, మొదటి 200కే 5.10 పడుతుంది, ఆపై వందకు 7.70. రెండు ఇళ్లూ చెరో 150 యూనిట్లు వాడాయనుకోండి. విడి మీటర్లుంటే ఒక్కో ఇంటికి 340, దానికి 240 కలిపి 580 రూపాయలు. ఒకే మీటర్ మీద 300 యూనిట్లయితే 1,020, దాని మీద 770, మొత్తం 1,790. సగం పంచుకున్నా తలా 895. ఇవి వాడిన యూనిట్లకు పడే ఎనర్జీ ఛార్జీలు మాత్రమే, ఫిక్స్‌డ్ ఛార్జీ వగైరా వేరే. కొందరు ఓనర్లు ఈ లెక్కా చేయరు, యూనిట్‌కు పది రూపాయలని నోటిమాటగా చెబుతారు. అలాగైతే అదే 150 యూనిట్లకు 1,500.

పైగా గృహజ్యోతి, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం. "అద్దెకున్నవాళ్లకు అది రాదు" అని ఊరంతా చెప్పుకుంటారు. తప్పు. తెల్ల రేషన్ కార్డు, ఆధార్, ఆ ఇంటి సర్వీసు నంబర్ ఉంటే అద్దెదారుకూ వర్తిస్తుంది. నెలకు 200 యూనిట్ల లోపు వాడాలి. ఉమ్మడి మీటర్ మీద 300 తిరిగితే ఆ ఇంట్లో ఎవరికీ రాదు. విడి మీటర్ ఉంటే సున్నా బిల్లు వచ్చే కుటుంబం, సబ్‌మీటర్ పోర్షన్‌లో దిగి నెలకు తొమ్మిది వందలో పదిహేను వందలో కడుతోంది.

అందుకే ఇల్లు చూసేటప్పుడు మీటర్ బోర్డు దగ్గరికి వెళ్లి పోర్షన్లు ఎన్ని, మీటర్లు ఎన్ని అని లెక్కపెట్టండి. మీకిచ్చే మీటర్ సర్వీసు నంబర్ రాసుకుని, విద్యుత్ పంపిణీ సంస్థ యాప్‌లో పాత బాకీ ఉందేమో చూడండి. బాకీ కనెక్షన్ మీద ఉంటుంది. పాత అద్దెదారు ఎగ్గొట్టి పోతే చీకట్లో కూర్చోవాల్సింది మీరే. కింద షాపు ఉన్న ఇల్లయితే మీ లైను కమర్షియల్ మీటర్ నుంచి లాగారేమో కూడా చూసుకోవాలి. దిగిన రోజు రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి.

ఇక రాకపోకలు. ఆఫీసుకు 12 కిలోమీటర్లు దూరం పెరిగితే రానూపోనూ 24. నెలకు 25 రోజులకు 600 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి 13 లీటర్లకు పైగా, అంటే 1,400 రూపాయలు. ఇంట్లో ఇద్దరు ఉద్యోగులైతే రెట్టింపు. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమే, అయితే ఇల్లు ముంబై హైవే నుంచి మూడు కిలోమీటర్లు లోపలుంటే బస్టాపు దాకా షేర్ ఆటో ఖర్చు తప్పదు.

ఇప్పుడు కూడండి. అమీన్‌పూర్ లోపలి కాలనీలో 12,000 పోర్షన్‌కు ఎండాకాలం నీళ్లు 1,600, కరెంటు 900, పెట్రోలు 1,400. మొత్తం 15,900. నీళ్లకు లోటు లేక, విడి మీటర్‌తో రోడ్డు పక్కనున్న 14,500 ఇంటిని "అమ్మో, ఎక్కువ" అని వదిలేసి వచ్చింది దీని కోసమే.

అపోహ: 11 నెలల అగ్రిమెంట్ ఉంటే అడ్వాన్స్ భద్రం

అగ్రిమెంట్ 11 నెలలకు ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి కాబట్టి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ 11. అంతకుమించి అందులో రక్ష ఏమీ లేదు, లోపల ఏం రాశారన్నదే ముఖ్యం. బజారులో దొరికే అచ్చు నమూనాలో అడ్వాన్స్ ఎంతో ఉంటుంది, ఎప్పుడు తిరిగిస్తారో ఉండదు. ఈ నాలుగు వాక్యాలు చేర్పించండి: ఇల్లు ఖాళీ చేసి తాళాలిచ్చిన రోజే అడ్వాన్స్ ఇవ్వాలి, పెయింటింగ్‌కు కోత ఇంత, లేదా ఏమీ లేదు, ఎవరు ఖాళీ అన్నా రెండు నెలల ముందు చెప్పాలి, ఏడాదికి అద్దె పెంపు ఇంత శాతం. పెయింటింగ్ పేరుతో నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలైపోయింది. ముందే రాసుకుంటే బేరమాడొచ్చు, ఖాళీ చేసే రోజు కుదరదు. అడ్వాన్స్ నగదుగా ఇవ్వకండి.

పదకొండు నెలలు నిండగానే సామాను బయట పెట్టేస్తారని భయపడేవాళ్లూ ఉన్నారు, పాపం. అలా జరగదు. గడువు దాటాక కూడా ఓనర్ అద్దె తీసుకుంటుంటే నెలవారీ అద్దెదారుగా కొనసాగినట్టే. ఖాళీ చేయించాలంటే ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. పదిహేను రోజుల్లో పిల్లల బడి, ఇల్లు రెండూ మార్చలేం కాబట్టే రెండు నెలలని రాసుకోమనేది. "రెండు నెలలకు మించి అడ్వాన్స్ అడగకూడదని కేంద్రం చట్టం చేసింది" అంటూ తిరిగే సందేశం సగమే నిజం. 2021లో వచ్చింది నమూనా చట్టం. రాష్ట్రం దాన్ని సొంతంగా చేసుకుంటేనే అమలు.

మిగతావి

పెంట్‌హౌస్ (మేడ పైన కట్టిన చివరి గదులు) చవక అంటారు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూసి మాట్లాడండి.

బ్రోకర్ లేకుండా ఇల్లు దొరకదన్నది వట్టిమాట. ఈ కాలనీల్లో చాలా ఇళ్లు ఆన్‌లైన్‌కు ఎక్కవు. ఆదివారం పొద్దున నడుచుకుంటూ వెళ్లి కిరాణా కొట్లో, ఇస్త్రీ బండి దగ్గర అడిగితే వచ్చే నెల ఖాళీ అయ్యేవి కూడా చెబుతారు. బ్రోకర్ ద్వారానే వెళ్లినా అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాకే కమిషన్.

ఆషాఢంలో, పుష్యంలో ఇల్లు మారకూడదని మీకు పట్టింపు ఉంటే సరే. లేకపోతే బేరానికి అంతకన్నా మంచి నెలలు లేవు. జూన్‌లో బడులు తెరిచే ముందు వెతికితే ఓనర్ రూపాయి దిగడు.

ఇంకొకటి, దీని మీద చర్చే లేదు. ఆన్‌లైన్ మోసగాళ్ల ప్రకటనలో ఫొటోల్లో ఇల్లు మెరుస్తుంటుంది, అద్దె సగం ఉంటుంది, "నేను సైన్యంలో పనిచేస్తున్నా, బదిలీ అయింది, గేట్‌పాస్‌కు 2,000 పంపండి, తిరిగిచ్చేస్తాను" అంటారు. తర్వాత తిరిగివ్వడానికి క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. పోయాక ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.