లాప్‌టాప్ వోల్టేజీకి తాళం ఎవరు, ఎందుకు వేశారు

2019 చివర్లో, 2020లో చాలా లాప్‌టాప్‌లకు ఒక బయోస్ (మెషీన్ ఆన్ చేయగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వచ్చింది. మామూలుగానే ఓకే నొక్కారు, మెషీన్ రీస్టార్ట్ అయింది, అంతవరకు ఏ గొడవా లేకుండా నడిచిన అండర్‌వోల్ట్, అంటే ప్రాసెసర్‌కి వెళ్లే వోల్టేజీని మనమే తగ్గించుకోవడం, అక్కడితో ఆగిపోయింది. అందుకు వాడే థ్రాటిల్‌స్టాప్ అనే టూల్‌లో ఎంత ఆఫ్‌సెట్ (వోల్టేజీలో కోత) పెట్టినా ప్రాసెసర్ పట్టించుకోదు, ఫ్యాన్ మళ్లీ పాత రొద మొదలుపెట్టింది. బగ్ అయ్యుంటుంది, తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తారులే అని ఎదురుచూసినవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ అది కావాలని వేసిన తాళం.

అసలు ప్రాసెసర్‌కి కంపెనీ పెట్టిన వోల్టేజీ కన్నా తక్కువ ఇచ్చినా ఎందుకు నడుస్తుంది? ఒకే సిలికాన్ పలకలోంచి కోసిన చిప్‌లు కూడా ఒకదానిలా ఇంకొకటి ఉండవు. ఒకటి 0.95 వోల్టులకే చేసే పనికి పక్కదానికి 1.05 కావాల్సి రావచ్చు. కంపెనీ ఒక్కో చిప్‌ని పరీక్షించి దాని వోల్టేజీ పట్టికను అందులోనే రాసేస్తుంది గానీ, దాని మీద ఇంకొంత కలిపే రాస్తుంది. చిప్ పాతబడితే ఎలా, బాగా వేడెక్కితే ఎలా, ఉన్నట్టుండి భారీ ఏవీఎక్స్ లెక్కలు (ఒకేసారి చాలా అంకెల మీద చేసేవి) మీదపడి వోల్టేజీ ఒక్క క్షణం కుంగితే ఎలా అని, వీటన్నిటినీ తట్టుకునేంత. పెరిగే పిల్లాడికి ఒక సైజు పెద్ద చొక్కా కొన్నట్టు అన్నమాట. అండర్‌వోల్టింగ్ చేసేవాళ్లు వెనక్కి తీసుకునేది ఈ అదనపు భాగాన్నే.

తీసుకుంటే వచ్చే లాభం చిన్నదేం కాదు. ప్రాసెసర్ పని చేస్తున్నప్పుడు ఖర్చయ్యే పవర్ ఫ్రీక్వెన్సీని బట్టి, వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది, అంటే స్పీడు ముట్టుకోకుండా 1.1 వోల్టుల నుంచి 1.0కి దిగితే ఆ ఖర్చు సుమారు 17 శాతం పడిపోతుంది. ఒకప్పుడు దీని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు, ఎందుకంటే ఆ తగ్గింపు దానంతటదే వచ్చేది. ట్రాన్సిస్టర్ సైజు తగ్గిస్తూ దాంతోపాటే వోల్టేజీ కూడా తగ్గిస్తే చదరపు మిల్లీమీటరుకి వేడి పెరగదని ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ బృందం 1974లో చూపించింది. 5 వోల్టుల చిప్‌లు 3.3కి, తర్వాత ఇంకా కిందికి దిగుతూ వచ్చింది ఆ దారిలోనే. 2005 ప్రాంతానికి ఆ దారి మూసుకుపోయింది. వోల్టేజీ ఇంకా దించితే ట్రాన్సిస్టర్లు ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కరెంటు కారిపోవడం మొదలైంది, దాంతో అప్పటినుంచి వోల్టేజీ 1 దరిదాపుల్లోనే తచ్చాడుతోంది. ఇలాంటి స్థితిలో ఒక 80 మిల్లీవోల్టులు మిగిలినా లెక్కలోకి వస్తుంది.

లాప్‌టాప్ కంపెనీలకు ఈ లెక్క అంతకుముందే తెలుసు. 2000 జనవరిలో ఇంటెల్ స్పీడ్‌స్టెప్ తెచ్చింది, దాంతో వచ్చిన 650 మెగాహెర్ట్జ్ మొబైల్ పెంటియం 3 ప్లగ్‌లో ఉన్నప్పుడు 1.6 వోల్టుల మీద, బ్యాటరీ మీద 500 మెగాహెర్ట్జ్, 1.35 వోల్టుల మీద నడిచేది. లెక్క వేసి చూస్తే పవర్ దాదాపు సగానికి దిగుతుంది, స్పీడు మాత్రం నాలుగో వంతు కూడా పోదు. అదే నెలలో ట్రాన్స్‌మెటా కూడా లాంగ్‌రన్ పేరుతో ఇలాంటిదే చూపించింది. 2003లో పెంటియం ఎం వచ్చేసరికి ఇలాంటి స్పీడు-వోల్టేజీ మెట్లు పెరిగాయి. 1.6 గిగాహెర్ట్జ్ మోడల్ పై మెట్టులో 1.484 వోల్టులు, కింది మెట్టులో 600 మెగాహెర్ట్జ్ దగ్గర 0.956 వోల్టులు. ఏ మెట్టుకి ఎంత వోల్టేజీ అన్నది సాఫ్ట్‌వేర్ నుంచి మార్చే వీలుంది, దాంతో నోట్‌బుక్ హార్డ్‌వేర్ కంట్రోల్, ఆర్‌ఎంక్లాక్ లాంటి టూల్స్ పుట్టుకొచ్చాయి, లైనక్స్ వాళ్లు పీహెచ్‌సీ ప్యాచ్ పెట్టుకున్నారు. నన్నడిగితే అండర్‌వోల్టింగ్ హాయిగా సాగిన కాలం అదే. ఎవరూ అడ్డుపడలేదు, ఎవరూ ప్రోత్సహించనూ లేదు.

కోర్ ఐ సిరీస్ తొలి తరాల్లో ఆ వీలు దాదాపు మాయమైంది, మళ్లీ 2013లో నాలుగో తరమైన హాస్వెల్‌తో వేరే రూపంలో తిరిగొచ్చింది. ఈసారి మెట్టుకొక అంకె కాదు, పట్టిక మొత్తాన్ని ఒకేసారి కిందికి జరిపే ఆఫ్‌సెట్. నిజానికి ఇది ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ల కోసం పెట్టిన మార్గం, అందులోనే మైనస్ గుర్తు కూడా పనిచేసింది. అసలు గిరాకీ మాత్రం 2017 తర్వాతే. అప్పటిదాకా రెండు కోర్లున్న 15 వాట్ల సన్నటి లాప్‌టాప్‌ల్లోకి ఎనిమిదో తరంతో నాలుగు కోర్లు వచ్చాయి, మరుసటి ఏడాది ఐ7-8750హెచ్‌తో 45 వాట్ల క్లాసులోకి ఆరు వచ్చాయి. చాలా మోడళ్లలో హీట్‌సింక్ మాత్రం దానికి తగ్గట్టు పెరగలేదు. టెంపరేచర్ 95 దాటడం, క్లాక్ పడిపోవడం, గేమ్ మధ్యలో ఆగి ఆగి నడవడం మామూలైపోయింది. మైనస్ 80, మైనస్ 100 మిల్లీవోల్టులు పెడితే చాలు, మెషీన్ ఊపిరి పీల్చుకునేది.

బ్యాటరీ విషయంలో మాత్రం కాస్త ఎక్కువే ఊహించుకున్నారు. ఊరికే వెబ్ పేజీలు చదువుకుంటున్నప్పుడు ప్రాసెసర్ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది, అక్కడ బ్యాటరీ తినేది స్క్రీన్, వైఫై, మిగతా సరంజామా. అండర్‌వోల్ట్ లాభం కనిపించేది లోడ్ ఉన్నప్పుడే. అదీ పవర్ పరిమితికి కొట్టుకుంటున్న చిప్ అయితే మిగిలిన వాట్లని ఇంకా ఎక్కువ క్లాక్ కోసం వాడేసుకుంటుంది, అంటే పని త్వరగా అయిపోతుంది గానీ ఆ కాసేపు వేడీ అంతే, ఖర్చూ అంతే.

ఇప్పుడు తాళం సంగతి. 2017లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు క్లాక్‌స్క్రూ పేరుతో ఒక పని చేసి చూపించారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్లాక్‌నీ వోల్టేజీనీ సాఫ్ట్‌వేర్‌తోనే హద్దు దాటించి, లెక్కల్లో తప్పులు పుట్టించి, ట్రస్ట్‌జోన్ అనే రక్షిత భాగం లోపల దాచిన ఎన్‌క్రిప్షన్ కీ బయటికి లాగారు. 2019 డిసెంబరు 10న ఇంటెల్ చిప్‌ల మీద దీని చుట్టం లాంటిది బయటపడింది, పేరు ప్లండర్‌వోల్ట్. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ, కేయూ లూవెన్, గ్రాజ్ టెక్నాలజీ యూనివర్సిటీ వాళ్ల పని ఇది. మనం ఆఫ్‌సెట్ పెట్టుకునే రిజిస్టర్ (ప్రాసెసర్‌లోని సెట్టింగుల గడి) ద్వారానే సరిగ్గా ఒక గుణకారమో ఎన్‌క్రిప్షన్ అడుగో జరిగే సమయానికి వోల్టేజీ దించితే, మెషీన్ క్రాష్ అవ్వదు, జవాబు మాత్రం తప్పొస్తుంది. ఆ తప్పు జవాబుల్లోంచి ఎస్‌జీఎక్స్ అనే రహస్య గదిలో ఉన్న కీని వెనక్కి లెక్కగట్టొచ్చు.

ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. ఈ దాడి చేయాలంటే ముందే ఆ మెషీన్ మీద అడ్మిన్ అధికారం చేతిలో ఉండాలి. అది ఉన్నవాడికి మామూలు లాప్‌టాప్‌లో వోల్టేజీతో ఆటలాడాల్సిన అవసరమే లేదు, ఫైళ్లూ పాస్‌వర్డ్‌లూ ఎలాగూ అందుబాటులోనే ఉంటాయి. ఎస్‌జీఎక్స్ లెక్క వేరు, మెషీన్ యజమానిని కూడా నమ్మకుండా డేటా దాచడమే దాని పని. క్లౌడ్ సర్వర్లకు అది నిజంగా ముఖ్యం. ఇంట్లో లాప్‌టాప్‌లో దాన్ని వాడిన సంగతులు తక్కువ, కాస్త పేరున్నది అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్క్‌లు ఆడించడం. ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్), బయోస్ మార్పుల ద్వారా వోల్టేజీ రిజిస్టర్‌ని మూసే ఏర్పాటు ఇచ్చింది. ఎస్‌జీఎక్స్ వాడనివాళ్లకి తెరిచి ఉంచే ఆప్షన్ బయోస్‌లో పెట్టే వీలుంది, కానీ చాలా కంపెనీలు అందరికీ ఒకేలా మూసేశాయి. ఇది నాకు భద్రత కన్నా బద్ధకంలాగే కనిపిస్తుంది.

ఆ తర్వాత పదకొండో తరం నుంచి మామూలు కోర్ ప్రాసెసర్లలో ఎస్‌జీఎక్స్‌నే ఇంటెల్ తీసేసింది. కాపాడాల్సిన గది పోయింది, తాళం మాత్రం చాలా మోడళ్లలో అలాగే ఉండిపోయింది. తెరిచి ఉన్నవి ఎక్కువగా హెచ్‌ఎక్స్ క్లాసు (ఎక్కువ పవర్ తీసుకునే చిప్‌లున్న) గేమింగ్ మెషీన్లే. ఏఎండీ వైపు 2020 చివర్లో రైజెన్ 5000 డెస్క్‌టాప్ చిప్‌ల కోసం ఇలా వోల్టేజీ తగ్గించుకునే కర్వ్ ఆప్టిమైజర్ వచ్చింది, తర్వాత కొన్ని లాప్‌టాప్‌లకీ చేరింది, అక్కడ కూడా బయోస్‌లో కంపెనీ చూపిస్తేనే.

పాత బయోస్‌కి వెనక్కి వెళ్లడం కొన్ని మోడళ్లలో కుదురుతుంది, కొన్నిట్లో కంపెనీ ఒప్పుకోదు. బయోస్ తెరిచే ఉన్నా విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆఫ్‌సెట్ పనిచేయకపోవచ్చు, ముందు అది చూసుకోవాలి. ఏ దారీ లేకపోతే పవర్ పరిమితిని తగ్గించడమో టర్బో (అవసరమైనప్పుడు క్లాక్ దానంతటదే పెరగడం) ఆపడమో మిగులుతుంది, వేడి కచ్చితంగా తగ్గుతుంది, కాకపోతే స్పీడు కూడా కొంత వదులుకోవాలి.