మగవాళ్లు చూసేచోట ఈదకూడదన్నారు

ఒలింపిక్స్‌లో మగవాళ్ల ఈత పోటీలు 1896 ఏథెన్స్ నుంచే ఉన్నాయి. ఆడవాళ్లకి ఆ అవకాశం 1912లో, స్టాక్‌హోమ్‌లో గానీ రాలేదు. ఆధునిక ఒలింపిక్స్‌కి ఆద్యుడైన కూబెర్టిన్‌కే ఆడవాళ్లు పోటీపడటం ఇష్టం లేదు. ఆ ఈతలో తొలి స్వర్ణం గెలిచిన సిడ్నీ అమ్మాయి ఫ్యానీ డ్యూరాక్‌కైతే సొంత ఊళ్లోనే అడ్డుపడ్డారు.

1889లో పుట్టిన ఫ్యానీ, సిడ్నీలోని కూజీ తీరంలో సముద్రపు నీటి కొలనులో ఈత నేర్చుకుంది. అప్పట్లో అక్కడ ఆడవాళ్లకి ఛాంపియన్‌షిప్ ఉన్నది బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనే కాబట్టి మొదట అదే సాధన చేసింది. తర్వాత ట్రడ్జన్‌కి మారింది. అందులో చేతులు ఒకదాని తర్వాత ఒకటి నీళ్ల పైనుంచి వేస్తారు, కాళ్లు మాత్రం కత్తెరలా ఆడిస్తారు. 1911 నాటికి కాళ్లు ఆపకుండా పైకీ కిందికీ కొట్టే ఆస్ట్రేలియన్ క్రాల్ పట్టుకుంది. ఇవాళ ఫ్రీస్టైల్ అనగానే మనం చూసే ఈతకి మూలం అదే.

అసలు చిక్కు సిడ్నీ ఉన్న రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్స్ మహిళల ఈత సంఘంతో వచ్చింది. మగవాళ్లు ఉన్నచోట ఆడవాళ్లు పోటీ చేయకూడదని దాని నియమం. అధ్యక్షురాలు రోజ్ స్కాట్ సామాన్యురాలు కాదు, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. మగవాళ్ల చూపుల నుంచి అమ్మాయిల్ని కాపాడాలన్నది ఆమె ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ కాపాడటం పేరుతో పడిన శిక్ష మాత్రం అమ్మాయిలకే. ఫ్యానీని ఒలింపిక్స్‌కి పంపాలని జనం గట్టిగా అడిగేసరికి సంఘం నియమం సడలించింది, రోజ్ స్కాట్ రాజీనామా చేసింది.

అనుమతైతే వచ్చింది, డబ్బు రాలేదు. చందాలు పోగుచేసి ఫ్యానీని, ఆమె స్నేహితురాలు, ప్రత్యర్థి కూడా అయిన మీనా వైలీని పంపారు. తోడుగా ఫ్యానీ సోదరి, మీనా తండ్రి వెళ్లారు.

స్టాక్‌హోమ్‌లో పోటీలు సముద్రపు పాయలో కట్టిన 100 మీటర్ల కొలనులో జరిగాయి. 100 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్స్‌లోనే, అంటే ఫైనల్‌కి ముందు జరిగే తొలి విడత పోటీల్లోనే, ఫ్యానీ 1 నిమిషం 19.8 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టింది. ఫైనల్ 1:22.2లో గెలిచింది. 1896లో హంగేరీకి చెందిన హాయోష్ మగవాళ్ల 100 మీటర్లు గెలిచిన టైమూ సరిగ్గా అదే. మీనాకి రజతం వచ్చింది. రిలేకి నలుగురు కావాలి, వీళ్లు ఇద్దరే. చెరో రెండు సార్లు ఈదుతామని అడిగితే కుదరదన్నారు.

1912–18 మధ్య ఫ్యానీ 12 ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల 1916 ఒలింపిక్స్ జరగలేదు. ఆ తర్వాత అమెరికా పర్యటనల్లో మళ్లీ సంఘాలతోనే గొడవ. 1918లో అనుమతి లేకుండా వెళ్లారని ఫ్యానీ, మీనాల మీద నిషేధం పెట్టారు. మరుసటి ఏడాది మేనేజర్ ఖర్చులు ఇస్తేనే ఈదుతామన్నందుకు పర్యటనే ఆపేశారు. 1920లో జట్టు ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌కి బయల్దేరే ముందు వారం ఆమెకి అపెండిక్స్ ఆపరేషన్ అయింది, వెంటనే టైఫాయిడ్, న్యుమోనియా కూడా. 1921లో పెళ్లి చేసుకుని పోటీలు మానేసింది, తర్వాత పిల్లలకి ఈత నేర్పింది.

ఆంట్వెర్ప్‌లో 100 మీటర్ల స్వర్ణం అమెరికా అమ్మాయి ఎథెల్డా బ్లీబ్‌ట్రీకి దక్కింది. అంతకుముందు ఏడాదే న్యూయార్క్ బీచ్‌లో మేజోళ్లు తీసేసి ఈదిందని ఆమెని పోలీసులు పట్టుకున్నారు.