జ్వరానికీ కార్డు కావాలా?

చెన్నైలో ఆ తగువు మళ్ళీ మొదలైంది. ట్రాన్స్ వ్యక్తి జ్వరంతో వస్తే ఏ వార్డులో ఉంచాలి, ఓపీ చీటీలో ఏమని రాయాలి, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు అడగొచ్చా? పురాణాలు, తమిళనాడులో ట్రాన్స్ మహిళలు చేసుకునే కూవాగం జాతర, వాళ్ళను నేర దృష్టితో చూసిన బ్రిటిష్ వాళ్ళ 1871 నాటి చట్టం చాలాసార్లు చదివినవే. ఎవరి జెండర్ వారే చెప్పుకోవచ్చు, ఆపరేషన్ కావాలని పట్టుబట్టకూడదు అన్న 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పూ తెలిసిందే. నా లెక్కలో అసలు మలుపు అంతకు ఆరేళ్ళ ముందుది.

2008లో తమిళనాడు దేశంలోనే మొదటి ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు పెట్టింది. ఆ రోజుల్లోనే లింగమార్పిడి ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం చేసింది. అంతవరకూ చాలామందికి దిక్కు దాయమ్మ (తమలోనే ఈ కోత కోసే పెద్ద) కత్తే, మత్తు కూడా లేకుండా పురుషాంగం తీసేసే నిర్వాణమే. కాబట్టి అది చిన్న మేలు కాదు. కానీ ఆసుపత్రికి వీళ్ళు రెండు పనుల మీదే వస్తారన్న లెక్క అక్కడే స్థిరపడింది. ఒకటి ఆపరేషన్. రెండోది హెచ్‌ఐవీ, అది పాత లెక్క. దేశంలో తొలి కేసులు 1986లో బయటపడింది ఈ మద్రాసులోనే. ఆ తర్వాత ఎయిడ్స్ కార్యక్రమాల పుణ్యమా అనే ఆరోగ్య కార్యకర్తలు జమాత్‌ల (ట్రాన్స్ మహిళలు కలిసి బతికే కూటాల) గడప తొక్కారు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకని తెచ్చిన 2019 కేంద్ర చట్టం పదిహేనో సెక్షన్ తీసి చూడండి. వైద్యం గురించి ప్రభుత్వం చేయాల్సిన పనుల్లో మొట్టమొదటిది హెచ్‌ఐవీ నిఘా కేంద్రాలు. తర్వాత ఆపరేషన్, హార్మోన్లు. మామూలుగా ఆసుపత్రిలోకి వెళ్ళగలగడం ఆరోది. షుగరు, బీపీ, పంటినొప్పి? చివరి క్లాజులో, బీమా మాటలో, ‘ఇతర ఆరోగ్య సమస్యలు’!

నెల్లూరు నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటున్న ఒక అక్క మాట ఇది. "షుగరు చూపించుకుందామని పోయినా అబ్బయా. చీటీ రాసేవాడు మగ క్యూలో నిలబడమన్నాడు. మగ క్యూవాళ్ళు ఆడ క్యూలోకి పొమ్మన్నారు. లోపలికి పోతే డాక్టరమ్మ ముందు హెచ్‌ఐవీ టెస్టు రాసింది. షుగరు టెస్టు రేపు రమ్మంది." ఆమె ఆధార్‌లో నెల్లూరు అడ్రసు, మగ పేరు. ఇక్కడ రేషన్ కార్డు లేదు. నాన్-బైనరీ, అంటే ఆడా మగా అన్న రెండు గడుల్లో ఇమడమని చెప్పుకునే పిల్లలకైతే చీటీలో గడే ఉండదు.

వార్డులు రెండే ఉన్నాయి, పక్క మంచం వాళ్ళు ఒప్పుకోరు అంటాయి ఆసుపత్రులు. ఇబ్బంది నిజమే. అయితే అదే చట్టం మూడో సెక్షన్ వైద్యం నిరాకరించడాన్ని వివక్ష కింద నిషేధించింది, అందులో కార్డు ఊసే లేదు. ఇలాంటివాళ్ళ గురించి వైద్య విద్యార్థులకు చెప్పే పాఠాలు సరిచేయాలని 2021లో మద్రాసు హైకోర్టు కూడా చెప్పింది. చీటీ రాసే గుమాస్తా ఆ పాఠాలు చదవడు కదా.

2022లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ బీమా కింద ట్రాన్స్ వ్యక్తులకు ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం ప్రకటించారు. దానికి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జాతీయ పోర్టల్ ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్ కావాలి. పైగా ఆయుష్మాన్ ఆసుపత్రిలో చేరినవాళ్ళకే, ఓపీకి వర్తించదు. నెలనెలా వేసుకునే షుగరు మాత్రలు ఓపీ బాపతే.

అక్క ఆ మర్నాడు వెళ్ళలేదు. వీధి చివర మెడికల్ షాపులో పాత చీటీ చూపించి మాత్రలు తెచ్చుకుంటోంది. ఆ కుర్రాడు ఏ కార్డూ అడగడట.