దొంగ పేరు పెట్టుకున్న తలుపు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"మెదడులో నికోటినిక్ రిసెప్టర్లు ఉన్నాయంటే మనం సిగరెట్ తాగడానికే పుట్టామా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. నవ్వాను గానీ, ప్రశ్న నన్ను వదల్లేదు. 20 ఏళ్లు కాల్చి మానేసినవాణ్ణి కదా, జవాబు చెప్పే బాధ్యత నాదే.

ఒకసారి పిడికిలి బిగించండి. ఇప్పుడే మీ నరాల చివర్ల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చిమ్మింది. కండరం మీద దాని కోసం కాచుకుని తలుపుల్లాంటి కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. మీరడిగిన నికోటినిక్ రిసెప్టర్లు ఇవే. ఒక్కోదానిలో ఐదు ముక్కలు గుండ్రంగా చేరి ఉంటాయి, నడుమ సన్నటి సందు. రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులు వచ్చి అంటుకోగానే ఆ సందు తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూకుతుంది, కండరం బిగుసుకుంటుంది. ఇదంతా మిల్లీసెకన్ల పని. పక్కనే ఉన్న ఒక ఎంజైమ్ వెంటనే ఆ రసాయనాన్ని విరగ్గొట్టేస్తుంది. ఈ ఎంజైమ్‌ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మెదడులోనూ ఈ తలుపులే, కాకపోతే ముక్కల కూర్పు వేరు. ఆల్ఫా-4, బీటా-2 అనే ముక్కలు కలిసినవి ఎక్కువ. ఏకాగ్రతకీ జ్ఞాపకానికీ ఇవి కావాలి.

మరి ఆ పేరెందుకు? 1905లో కేంబ్రిడ్జ్‌లో జాన్ లాంగ్లీ, నరం పనిచేయని కోడి కండరం మీద నికోటిన్ వేస్తే అది బిగుసుకోవడం చూశాడు. దాన్ని అందుకునే పదార్థమేదో కండరంలోనే ఉందన్నాడు. అసలు యజమాని ఎసిటైల్‌కోలిన్ అని అప్పటికి తెలియదు. అలా దొంగ పేరే ఇంటికి స్థిరపడిపోయింది.

ఈ దొంగ, అంటే నికోటిన్, మహా వేగం. పొగ పీల్చిన 10, 20 సెకన్లలో మెదడులో ఉంటుంది. ఆ ఎంజైమ్ దీన్ని ఏమీ చేయలేదు. అందుకని వదలకుండా అంటుకుని ఉంటే, తలుపులు కాసేపటికి మొరాయించి మూసుకుపోతాయి. మెదడేమో వాటి సంఖ్య పెంచుకుంటుంది. రాత్రి నిద్రలో నికోటిన్ తగ్గాక, మొరాయించినవన్నీ కోలుకుని తెల్లారేసరికి ఒక్కసారిగా గోల పెడతాయి. నాకు చేతులు వణికేవి, ఊరికే విసుక్కునేవాణ్ణి. కాఫీ కన్నా ముందు వెలిగించే మొదటి సిగరెట్‌ను ఎంత హాయి అనుకునేవాణ్ణో! ఆ గోల సద్దుమణగడమే ఆ హాయి. మీ వయసులో మెదడు ఇంకా తయారవుతూ ఉంటుంది కాబట్టి ఈ అలవాటు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఈ తలుపులు చెడితే ఏమవుతుందో 1973లో కుందేళ్లు చూపించాయి. కరెంటు షాక్ కొట్టే ఈల్ చేప నుంచి తీసిన రిసెప్టర్‌ను వాటికి ఎక్కించారు. వాటి ఒంట్లో దాని మీద యాంటీబాడీలు పుట్టి, అవి సొంత కండరాల మీదే పడ్డాయి. కుందేళ్లు నీరసించి కూలబడ్డాయి. మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బులో మనుషుల కనురెప్పలు వాలిపోవడం వెనక ఉన్నదీ ఇదే అని అలా తేలింది.

ఇక మీ పెదతాత సంగతి. ఆయనకున్న అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో ఎసిటైల్‌కోలిన్ తయారుచేసే కణాలు రాలిపోతాయి. తలుపులు తట్టేవాళ్లు తగ్గిపోతారన్నమాట. ఆయన రాత్రిపూట వేసుకునే డోనెపెజిల్ మాత్ర, ఇందాక చెప్పిన ఆ ఎంజైమ్‌ను అడ్డుకుని, ఉన్న కాస్త రసాయనాన్నీ ఇంకాసేపు నిలబెడుతుంది. అంతవరకే, జబ్బును ఆపదు. మొన్న మీ ఇద్దరి పేర్లూ తారుమారు చేశాడని నొచ్చుకున్నారట. ఈసారి వచ్చినప్పుడు పక్కన కూర్చుని, మీ పేర్లు మీరే ముందు చెప్పండి.

మీ
తాతయ్య