ట్యునీషియన్ అల్లికలో చిన్న జిప్ పర్సు: అపోహలు, వాస్తవాలు

కర్నూలులో మా ఇంటి ముందరి గదిలో మధ్యాహ్నం పూట నలుగురైదుగురు ఆడవాళ్లకు అల్లిక నేర్పుతుంటాను. స్వెటర్లు అల్లుకోవలసినంత చలి మా ఊరికి రాదు కాబట్టి, వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది చిన్న పర్సునే. చిల్లరో, తాళంచెవులో, మందుబిళ్లలో వేసి జిప్ లాగేస్తే చేతిసంచిలో ఒక మూల పడి ఉండాలన్నది వాళ్ల కోరిక. పూర్వం మా అవ్వల నడుము దగ్గర వక్కాకు తిత్తి ఎట్లా ఉండేదో, ఇప్పుడు ఈ పర్సు అట్లా అయింది. మామూలు క్రోషే (కొక్కెం సూదితో చేసే అల్లిక) కంటే ట్యునీషియన్ అల్లికలో బట్ట దట్టంగా, సందులు తక్కువగా, పెద్దగా సాగకుండా వస్తుంది కనుక పర్సుకు అది బాగా సరిపోతుంది. అయినా సగం అల్లి పక్కన పడేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లందరూ తప్పు తమ చేతిలో ఉందనుకుంటారు. నేను చూసినంతలో తప్పు చేతిలో ఉన్న సందర్భాలు తక్కువ, కొలవవలసిన చోట కొలవకపోయిన సందర్భాలే ఎక్కువ.

అపోహ: ఇది ట్యునీషియా దేశంలో పుట్టిన అల్లిక.

నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఈ పేరులో ట్యునీషియా అంత. అక్కడ పుట్టిందనడానికి గట్టి ఆధారం లేదు. 19వ శతాబ్దపు ఐరోపా అల్లిక పుస్తకాలలో ఇది ట్రికో అనే పేరుతో కనిపిస్తుంది, అమెరికాలో దీన్నే ఆఫ్ఘన్ కుట్టు అన్నారు. మనవాళ్లకు క్రోషే అనగానే 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు గుర్తుకు వస్తుంది. సూది ఒకే జాతిది, పని మాత్రం వేరు. లేసులో ఒక్కో కుట్టు అక్కడికక్కడే పూర్తవుతుంది. ట్యునీషియన్ పద్ధతిలో వెళ్లే వరుసలో కింది వరుస నిలువు పోగుల్లోంచి లూపులన్నీ సూది మీదికి ఎక్కించుకుంటూ పోయి, తిరుగు వరుసలో ముందు ఒక చైన్ (లూపులోంచి దారం లాగి వేసే గొలుసు కుట్టు) వేసి, ఆ తరువాత రెండేసి లూపులలోంచి దారం లాగుతూ, సూది మీద ఒక్క లూపు మిగిలేదాకా దించుకుంటూ వస్తాము. బట్టను వెనక్కి తిప్పడం ఉండదు, మంచి వైపు ఎప్పుడూ మన వైపే ఉంటుంది.

అపోహ: పొడవాటి ప్రత్యేకమైన సూది కొంటే తప్ప మొదలుపెట్టలేము.

దుప్పటికైతే కావాలి, పర్సుకు అక్కరలేదు. మొదటినుంచి చివరిదాకా ఒకే లావున్న మామూలు అల్యూమినియం సూది ఉంటే, దాని తోకకు రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు చుట్టితే లూపులు జారిపోవు, ముప్పై లూపులు కాస్త ఒత్తుగా సర్దుకుని కూర్చుంటాయి. మధ్యలో బొటనవేలికి చదును ఉన్న సూదులు, రబ్బరు పిడి ఉన్న సూదులు మాత్రం పనికిరావు, ఎందుకంటే ఆ చోటికి చేరిన లూపు సాగి మిగతావాటి కంటే పెద్దదవుతుంది.

అపోహ: బట్ట చుట్టుకుపోతోందంటే అల్లడం రానట్టే.

ఇరవై వరుసలు వేసేసరికి బట్ట కింది అంచు చాపచుట్టలా పైకి లేస్తుంది, చూసినవాళ్లకు నీరసం వస్తుంది. అది ఆ అల్లిక నిర్మాణంలోనే ఉన్న గుణం. ముందు వైపు నిలువు పోగులు, వెనక వైపు అడ్డంగా పడుకున్న తిరుగు వరుస ముడులు ఉండటం వల్ల రెండు వైపుల లాగుడు సమానంగా ఉండదు, బట్ట ఒక పక్కకు వంగుతుంది. ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా సాదా కుట్టులో ఈ వంపు కొంత వస్తుంది. దాన్ని తగ్గించుకునే మార్గాలు ఉన్నాయి. దారపు ఉండ మీద రాసి ఉన్న సూది కంటే ఒకటి రెండు నంబర్లు పెద్ద సూది తీసుకోవాలి. మొదటి వరుసను చైన్ ముందు భాగంలో కాకుండా దాని వెనక ఉబ్బుగా కనిపించే పోగులో ఎక్కించాలి. తిరుగు వరుసలో దారాన్ని బిగించి లాగకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, అల్లిన ముక్కను నీళ్లలో తడిపి, తువాలులో చుట్టి ఒత్తి, మందపాటి దుప్పటి మీద పరిచి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాలి. మా ఊరి ఏప్రిల్ ఎండలో నూలు ముక్క ఆరడానికి ఒక పూట కూడా పట్టదు, ఎండ మా మీద చూపే దయ ఇదొక్కటేననుకుంటాను. అప్పటికీ మిగిలిన కొద్దిపాటి వంపు, పక్కలు కుట్టి లోపల అస్తరు వేసిన తరువాత కనిపించదు.

అపోహ: కుట్లు తగ్గిపోవడం అజాగ్రత్త.

ఒకే చోట పొరపాటు జరుగుతుంది, అది తెలిస్తే మళ్లీ జరగదు. వరుస మొదట్లో సూది మీద ఇప్పటికే ఒక లూపు ఉంటుంది కాబట్టి మొదటి నిలువు పోగును వదిలేయాలి. వరుస చివర మాత్రం అంచున ఉన్న ఆఖరి పోగును వదలకూడదు, అది పక్కకు తిరిగి దాక్కుని ఉంటుంది. దాన్ని వేలితో ఇటు తిప్పి చూస్తే రెండు పోగులు కలిసి కనిపిస్తాయి, ఆ రెండింటి కిందినుంచి సూది పోనివ్వాలి. ఒక్క పోగులోంచే లాగితే అంచు వదులుగా, రంపపు పళ్లలా వస్తుంది.

అపోహ: జిప్ ఎంత పొడవుందో అంత చైన్ వేసుకుంటే చాలు.

ఎక్కువ పర్సులు పాడయ్యేది ఇక్కడే కనుక దీని గురించి కొంచెం విస్తరించి చెబుతాను. చైన్ పొడవు వేరు, ఆ చైన్ మీద లేచిన బట్ట వెడల్పు వేరు, తడిపి ఆరబెట్టిన బట్ట వెడల్పు మళ్లీ వేరు. అందుకని ముందు 12 సెం.మీ. చదరపు నమూనా ముక్క అల్లి, తడిపి ఆరబెట్టి, దాని మధ్యలో 10 సెం.మీ.కు ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కపెట్టుకోవాలి. నాలుగు పోగుల నూలుతో, 5 మి.మీ. సూదితో నా చేతికి 17 కుట్లు, 14 వరుసలు వస్తాయి. మీ చేతికి వేరే లెక్క రావచ్చు, అందులో తప్పేమీ లేదు. 18 సెం.మీ. వెడల్పు, మడత వేశాక 11 సెం.మీ. ఎత్తు ఉన్న పర్సు కావాలంటే 18 అడ్డం, 22 నిలువు ముక్క అల్లాలి. నా లెక్క ప్రకారం అది 31 కుట్లు, 31 వరుసలు.

ఇక్కడితో అయిపోలేదు. ఈ ముక్కను మధ్యకు మడిస్తే జిప్‌కు ఒక పక్క మొదటి చైన్ అంచు, రెండో పక్క ముగింపు అంచు వస్తాయి. ఈ రెండూ ఒకే పొడవు ఉండాలి. కిందటి ఏడాది నా దగ్గర నేర్చుకుంటున్న ఒకామె మూడుసార్లు జిప్ విప్పి కుట్టి, చివరికి దాన్ని నా ఒళ్లో పెట్టి, "అక్కా, ఎంత నిదానంగా కుట్టినా ఒక పక్క అలలు అలలుగా లేస్తాంది, నా చెయ్యే మంచిది కాదేమో" అన్నది. జిప్ విప్పి టేపు పెట్టి చూస్తే మొదటి అంచు 19 సెం.మీ. ఉంది, ముగింపు అంచు పదిహేడున్నర ఉంది, జిప్ 18 ఉంది. ఎంత నేర్పున్న చేయికైనా ఆ మూడూ కలవవు. ముగింపు వరుసలో కుట్లు సహజంగానే బిగుసుకుంటాయి కాబట్టి ఆ ఒక్క వరుసకు అర నంబరో ఒక నంబరో పెద్ద సూది పట్టుకోమన్నాను. ఆమె ఆ వరుస విప్పి మళ్లీ వేసి, తడిపి రెండు అంచులనూ 18కి సర్ది గుండుసూదులు గుచ్చి ఆరబెట్టింది. ఆ తరువాత అదే జిప్ ఒక్కసారికే కుదిరింది.

అపోహ: సరిగ్గా అదే కొలతలో జిప్ దొరకాలి, దాన్ని మిషన్ మీదే కుట్టాలి.

అంగళ్లలో జిప్పులు అంగుళాల లెక్కన దొరుకుతాయి. ఏడంగుళాల జిప్ అంటే పళ్లున్న భాగం దాదాపు 17.8 సెం.మీ. ఉంటుందని అర్థం, రెండు చివర్లా మిగిలే గుడ్డ పట్టీ ఆ లెక్కలోకి రాదు. పెద్దది దొరికితే ఇంకా మంచిది. నైలాన్ జిప్ అయితే కావలసిన పొడవు దగ్గర పళ్ల మీదుగా గట్టి దారంతో ఎనిమిది పది చుట్లు అడ్డంగా కుట్టి, దానికి రెండు సెం.మీ. అవతల కత్తిరించుకోవచ్చు. ఆ చుట్లే రన్నరుకు కొత్త అడ్డుకట్ట అవుతాయి. లోహపు జిప్‌ను మాత్రం ఇంట్లో ఇట్లా తగ్గించడం కష్టం. నంబరు పెరిగేకొద్దీ జిప్ పళ్ల వెడల్పు పెరుగుతుంది, ఇంత చిన్న పర్సుకు 3వ నంబరు చాలు. 5వ నంబరు వేస్తే పర్సు నోరు పలకలా బిగుసుకుని ఉంటుంది.

మిషన్ అక్కరలేదు సరికదా, అల్లిన బట్టను మిషన్ పాదం నొక్కిపట్టి సాగదీస్తుంది. జిప్ పట్టీ సాగదు, బట్ట కొంత సాగుతుంది, అందుకే అలలు వస్తాయి. నేను జిప్‌ను మూసి ఉంచి, ముందు నడిమధ్యన ఒక గుండుసూది, తరువాత రెండు చివర్లా ఒక్కోటి, ఆ తరువాత మధ్య ఖాళీలలో గుచ్చి, పెద్ద కచ్చా కుట్లు వేసి గుండుసూదులు తీసేస్తాను. అసలు కుట్టుకు మామూలు కుట్టు దారం చాలు. సూదిని ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి వేస్తూ, పళ్లకు మూడు నాలుగు మి.మీ. దూరంలో సాగాలి. అంతకంటే దగ్గరగా కుడితే రన్నరు నూలు పోగును నమిలేస్తుంది.

అపోహ: అస్తరు అందానికే.

ఎంత దట్టంగా అల్లినా తాళంచెవి మొన దూరేంత సందు ఉంటుంది, పైగా పర్సు బరువును మోయవలసింది అస్తరే. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరు మాకు దగ్గరే కాబట్టి, పాత చేనేత దుప్పటి ముక్కలు మా ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి, అవి అస్తరుకు దివ్యంగా పనికివస్తాయి. కొత్త గుడ్డ వాడితే మాత్రం కత్తిరించే ముందే ఒకసారి ఉతకాలి. ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. మా వదినకు ఇచ్చిన పర్సులో ఉతకని కోరా గుడ్డ వేశాను, మొదటి ఉతుకులోనే అస్తరు ముడుచుకుని పర్సు ఎండిన ఉసిరికాయలా తయారైంది. పాపం ఆమె ఏమీ అనలేదు, కానీ ఆ పర్సు ఆమె చేతిలో మళ్లీ కనిపించలేదు.

అపోహ: ఏ దారమైనా ఒకటే.

యాక్రిలిక్ ఊలు చవకే, కానీ తడిపి ఆరబెట్టినంత మాత్రాన అది చెప్పిన మాట వినదు, ఇస్త్రీపెట్టె తగిలితే మెత్తబడి మళ్లీ మామూలు స్థితికి రాదు. పర్సుకు నూలే మేలు. పత్తికి పేరుపడ్డ ఆదోని మా జిల్లాలోనే ఉన్నా, అల్లికకు కావలసిన నూలు ఉండలను నేను పార్సిల్‌లో తెప్పించుకోవలసి వస్తోంది. ఒక పర్సుకు నాకు 50 గ్రాముల లోపే పడుతుంది. వంద గ్రాముల ఉండ తెప్పిస్తే ఒక పర్సు అయ్యాక రెండోదానికి దారం మిగులుతుంది, అందులోంచే నమూనా ముక్క కూడా అల్లుకోవచ్చు.