రేవులో ఒక్క పడవే ఉంటే

పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

అమ్మలూ, మొన్న ఫోనులో అడిగావు. "రాజమండ్రిలో మా ఇంటి ఓనరు మళ్ళీ అద్దె పెంచాడు తాతయ్యా, ఇంతకు మించి తీసుకోకూడదని గవర్నమెంటు ఒక్క మాట చెప్పేస్తే సరిపోదా?" అని. ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

మా చిన్నప్పుడు లంకలోంచి ఏరు దాటాలంటే ఒక్కటే రేవు. ఏటా దానికి వేలంపాట జరిగేది. పాట పాడుకున్నవాడి పడవ తప్ప ఇంకొకరి పడవ తిరగడానికి వీల్లేదు. మనిషికింత, సైకిలుకింత, గేదెకింత అని రేకు బోర్డు మీద రేటు రాసి ఉండేది. రేటు తక్కువే. కానీ సంతరోజున చూడాలి ఆ రేవుని! అరటిగెలలు, కోళ్ళ గంపలు, పురిటికి పుట్టింటికెళ్ళే ఆడపిల్లలు, అందరూ ఎండలో ఇసుక మీద పడిగాపులే. కొబ్బరికాయల బస్తాలు ముందు ఎక్కించుకోవాలని మా నాన్న పాటదారు మనిషి చేతిలో అణాలు పెట్టడం నేను చూశాను. బోర్డు మీద రేటు మారలేదు, మా ఖర్చు మాత్రం పెరిగింది.

అదే అంతర్వేది తీర్థానికి, భీష్మ ఏకాదశి నాడు, ఎవరి పడవైనా తిప్పుకోమనేవారు. చేపల నావలు కూడా వచ్చేసేవి. "ఇటు రండి బాబూ" అని సరంగులే పిలిచేవారు. బోర్డు మీదున్న రేటు కన్నా తక్కువకే దాటించేవారు. గెడ వేసేవాళ్ళ పాటలు వింటూ మేం పిల్లలం అటూ ఇటూ ఊరికే తిరిగేవాళ్ళం.

ఊళ్ళో ఇల్లంటే పడవలో చోటే అనుకో. చదువులకనీ ఆసుపత్రులకనీ పట్నం చేరే జనం పెరిగి, ఇళ్ళు పెరగకపోతే ఒడ్డున తోపులాట తప్పదు. బోర్డు మీద రేటు రాసి చూశారు బొంబాయిలో. 1947 చట్టంతో అద్దెలని 1940 నాటి లెక్క దగ్గరే ఆపేశారు. ఆ రాబడి చాలక ఓనర్లు మరమ్మతులు మానేశారు, వానాకాలంలో పాత మేడలు కూలాయి. కొత్తగా ఇల్లు కావాలంటే పగిడీ అని పెద్ద మొత్తం ముట్టజెప్పాల్సొచ్చింది. మా నాన్న ఇచ్చిన అణాలే అవి.

హైదరాబాదులో మరో దారి పట్టారు. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితిని 2006లో తీసేసి, రోడ్డు వెడల్పుని బట్టి ఎత్తు కట్టుకోనిచ్చారు. అక్కడా అద్దెలు మండుతున్నాయి కదా అంటావు. పడవలు పెరిగాయి, ఒడ్డుకి జనం ఇంకా వస్తూనే ఉన్నారు. అవి కూడా లేకపోతే ఏమయ్యేదో ఆలోచించు.

పడవకి చిల్లుందో లేదో చూడొద్దని నేననను. మేడ గట్టిదా, నిప్పంటుకుంటే దిగడానికి మెట్లున్నాయా, తప్పక చూడాలి. మన డెల్టాలో ఇంకోటి ఉంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక చేలకి నీళ్ళొచ్చాయి, కానీ వచ్చిన నీరు పోవడానికీ దారుండాలి. మురుగు కాలువ పూడ్చి లేఅవుట్ వేస్తే వాన నీళ్ళు నేరుగా వాకిట్లోకే. అక్కడ ఎంత కఠినంగా ఉన్నా నాకు సమ్మతమే. మూడో అంతస్తు వేసుకుంటానన్నవాణ్ణి, ఇంటి కింద చిన్న కొట్టు పెట్టుకుంటానన్నవాణ్ణి అనుమతి కోసం కాళ్ళరిగేలా తిప్పడం మాత్రం నాకు మింగుడు పడదు. అదీ రేవు వేలంపాట లాంటిదే.

పడవ డబ్బుల్లేని ముసలమ్మ సంగతేమిటి? ఆవిడ డబ్బులు ఊరంతా కలిసి ఇవ్వాలి. ఇవ్వకపోతే మనం మనుషులమే కాము. అంతేగాని ఆవిడ పేరు చెప్పి పడవలు ఆపకూడదు.

రోడ్డు మీద జాగా కూడా ఇలాంటిదే. ఊరికే దొరుకుతుంది కాబట్టి అందరూ ఒకేసారి ఎక్కుతారు. సింగపూరులో 1975 నుంచే రద్దీ వేళ నడిబొడ్డుకొచ్చే కార్లకి రుసుము పెట్టారు, ఎక్కువమంది ఉన్న కార్లని వదిలేసి.

ఈ ఆదివారం నాన్నతో కోటిపల్లి బస్టాండుకి వెళ్ళు. ఒక షేర్ ఆటో నిండాక ఇంకోటి ఎంతసేపట్లో వచ్చి ఆగుతుందో చూడు. తిరిగొచ్చేటప్పుడు మీ వీధిలో టులెట్ బోర్డులెన్నో, ముళ్ళకంపలు మొలిచిన ఖాళీ స్థలాలెన్నో లెక్కపెట్టు. అక్కడ ఇల్లు ఎందుకు లేవలేదో వీధిలో పెద్దవాళ్ళని అడిగి నాకు రాయి.

మీ తాతయ్య